ముప్పై అయిదు మీద వణుకు

అయ్యపురెడ్డి సొంత బామ్మర్దిని నిలువునా ముంచాడు. ఇందులో మద్దిలేటిరెడ్డికి ఇసుమంత అనుమానం కూడా లేదు. ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి వైపు పోతూ, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, మైళ్ల ముల్లు ముప్పై దగ్గర ఊగుతుంటే ఇంకొంచెం, ఇంకొంచెం అని కాలితో నొక్కుతూ ఆ మాటే మళ్లీ నములుతున్నాడు. ముప్పై రెండు దాకా ఏమీ ఉండదు. నోట్లో వేలు పెట్టినా కొరకని దానిలా ఉంటుంది బండి. ముప్పై నాలుగు. ముప్పై అయిదు అయ్యేసరికి వస్తుంది, ముందు వేలికొసల్లో చీమ పాకినట్టు, ఆ తర్వాత మణికట్టులో, ఆ తర్వాత మోచేతుల దాకా, చలిజ్వరం పట్టినవాడి దవడలాగా చక్రం దడదడ కొట్టుకుంటుంది. వచ్చింది. ఇదిగో వచ్చింది. మద్దిలేటికి కడుపులో చల్లగా అయింది. రెండేళ్లుగా ఎందుకొస్తుందిరా ఇది అని ఏడిపించిన వణుకు ఈ ఒక్క పూట రాకుండా పోతే కొంప మునిగినట్టే. అందుకే నందికొట్కూరులో బయల్దేరినప్పటి నుంచి, రోడ్డు కాస్త చదునుగా కనిపించినప్పుడల్లా ముల్లును ముప్పై అయిదుకు తోలి చూసుకుంటున్నాడు, పుండు మానిపోయిందేమోనని మాటిమాటికీ గోకి చూసుకున్నట్టు.

వెనక సీట్లో లేవి పానాల సంచి ఒళ్లో పెట్టుకుని కునుకుతున్నాడు. కర్నూల్లో రేకుల కొట్టం వేసుకుని బండ్లు బాగుచేసేవాడు. అవసరమైతే సాక్ష్యం చెబుతాడని మద్దిలేటి వెంట తెచ్చుకున్నాడు. ఇప్పుడు చూస్తే ఆ నిద్ర కూడా నిద్రలా లేదు. నిద్రపోయేవాడి సంచి ఒళ్లోంచి జారాలి గదా, జారడం లేదు. అయ్యపురెడ్డి ముందే మనిషిని పంపి వీడి చెవిలో ఏమైనా ఊదించాడా? ఊదిస్తాడు. ఎందుకు ఊదించడు? అక్క మొగుడైనా, మేనత్త కొడుకైనా, ఎదురు పడితే ‘రా బామ్మర్దీ’ అని భుజం మీద చెయ్యి వేసేవాడైనా, లోపల ఏముందో ఎవడు చూశాడు? ఒప్పందం మాత్రం సూటిగానే ఉంది, మునసబు బొజ్జన్న పదిమందిలో చెప్పాడు. మద్దిలేటి కాలువ కింద భూమి ఇచ్చి అయ్యపురెడ్డి నల్లకారు తీసుకున్నాడు. భూమి అప్పుడే అయ్యపురెడ్డి సేద్యంలోకి పోయింది, కాగితం మాత్రం ఇంకా కాలేదు. స్టీరింగు వణుకుతున్నంత కాలం రిజిస్టరు చేయనని మద్దిలేటి మొండికేశాడు. ఈ రోజు మునసబు బండిలో కూర్చుంటాడు. అయ్యపురెడ్డి ఊరి నుంచి దువ్వూరు దాకా తిన్నటి రోడ్డు మీద ముప్పై అయిదు మైళ్ల దగ్గర చక్రం వణికితే కారు అయ్యపురెడ్డిది, భూమి మద్దిలేటిది. వణకకపోతే అదే కారులో అటునుంచి అటే కడపకు పోయి రిజిస్ట్రారు ముందర వేలిముద్రో సంతకమో పెట్టాలి.

సంతకమే పెడతాడు. మూడో ఫారంలో బడి మానినా సంతకం బాగానే వచ్చు. నాన్న గుర్రం మీంచి పడి నడుం విరిగి మంచమెక్కిన ఏడాది అది. మానమని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా ఎవరూ అనలేదు. అయ్యపురెడ్డి మాత్రం కడపలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు, అందుకే మాట నున్నగా ఉంటుంది. ‘భూమి నువ్వు చేయలేవు, బండి నేను తోలలేను, మార్చుకుంటే ఇద్దరికీ బాగుంటాది గదప్పా’ అని ఎంత నున్నగా అన్నాడు! అప్పుడు కర్నూలు రాజధాని. సర్కారు కచేరీలు గుడారాల్లో, గుమాస్తాలు గోడౌన్లలో, మంత్రులను చూడ్డానికి వచ్చేవాళ్లు రైలు దిగి బండి బండి అని అరిచేవాళ్లు. నందికొట్కూరు నుంచి కర్నూలుకు ముందుసీటు కోసం పంతుళ్లు, కంట్రాక్టర్లు కొట్టుకునేవాళ్లు. ఆ సందడి అట్లే ఉండిపోతుందనుకున్నాడు మద్దిలేటి. మొన్న కార్తీకంలో గుడారాలు పీకి హైదరాబాదుకు కట్టగట్టుకుని పోయారు. గుంజలు పాతిన గుంతల్లో ఇప్పుడు పందులు పొర్లుతున్నాయి. పేపరు చదివే అయ్యపురెడ్డికి అది ముందే తెలుసు. తెలిసే అంటగట్టాడు. ఇప్పుడు ఊళ్లోవాళ్లు ‘మద్దిలేటికి బాడుగలు లేక బండి వాపసు ఇస్తాండాడు, వణుకు లేదు గిణుకు లేదు’ అంటున్నారట. అననీ. బాడుగలు లేని మాట నిజమే. బాడుగలు పోయాక వణుకు కాస్త ఎక్కువగా తెలుస్తున్న మాట కూడా... అది కాదు, అది వేరే సంగతి. వణుకు వణుకే. మొదటినాడే వచ్చింది, గుడారాలు ఉన్నప్పుడే వచ్చింది.

మొదటినాడు. ఆ పొద్దు మద్దిలేటి మర్చిపోడు. బండి తీసుకుపోవడానికి వచ్చినవాణ్ని అక్క సుబ్బరత్నమ్మ ఊరికే పోనిచ్చిందా? కూర్చో, తిను, ఇంకో సంగటి ముద్ద, ఇంకో గరిటె ఊరుబిండి అంటూ లోపల కట్టేసింది. అప్పుడు బయట వాకిట్లో టంగు, టంగు అని ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు. ‘ఏందక్కా అది?’ అంటే ‘ఏం లేదులే, నువ్వు తిను’ అంది. చూపు తిప్పుకుంది. తాను లోపల తింటుంటే బయట మంచి సామాను విప్పి చెడ్డ సామాను బిగించారు, అక్కకు తెలిసే జరిగింది. ఒక్క కడుపున పుట్టినది మొగుడి పక్షానికి పోయింది. ఆ సాయంత్రమే నంద్యాల దాటాక ముప్పై అయిదు మీద చక్రం వణికింది. అడిగితే అయ్యపురెడ్డి ‘మా ఇంట్లో ఉన్నన్నాళ్లు వణకలేదే బామ్మర్దీ’ అన్నాడు, కన్నార్పకుండా. ఎంత పచ్చి అబద్ధం! లేవి మొదట టై రాడ్డు అన్నాడు, మార్చాడు. కింగ్‌పిన్నులు అన్నాడు, అవీ మార్చాడు. బేరింగులు, కొత్త టైరు. లేవి నేల మీద పడుకుని పనిచేస్తుంటే మద్దిలేటి ముక్కాలిపీట వేసుకుని కూర్చుని వాడి చేతులనూ జేబులనూ చూస్తూనే ఉండేవాడు. విప్పిన నట్టునల్లా గుడ్డ మీద వరసగా పెట్టించి, బిగించాక గుడ్డ దులిపించేవాడు. నట్టొక్కటి పోలేదు. వణుకూ పోలేదు.

చాగలమర్రి దాటాక, పసుపు తవ్వే కూలీలు చేలో వంగి ఉన్నచోట, ఎడమ పక్కకు బండి ఒక్కసారిగా కుంగింది. గట్టుకు ఆపాడు. ఎవరైనా రోడ్డు మీద ముళ్లు పరిచారా? కూలీలలో ఒక ముసలామె నడుం నిలబెట్టి చూసి నవ్వింది. ఎందుకు నవ్వింది?

‘‘ముందర ఎడమది పోయినాది రెడ్డీ. తుమ్మముల్లు,’’ అన్నాడు లేవి దిగి. కళ్లు తేటగా ఉన్నాయి. నిద్ర కాదన్నమాట.

జాకీ పెట్టాడు. ఇక్కడ ముక్కాలిపీట లేదు, ఎండ నెత్తిన కొడుతోంది. మద్దిలేటి బండి నీడలోనే గొంతుక్కూర్చున్నాడు. చక్రం ఊడివచ్చి లేవి చేతుల్లో పక్కకు తిరిగింది. కొట్టంలో లేవి దాన్ని ఎప్పుడూ గోడకు తిప్పి ఆనించేవాడు, ఈ రెండేళ్లలో మొదటిసారి దాని లోపలి ముఖం మద్దిలేటి కళ్లకు ఎదురుగా వచ్చింది. రిమ్ము పక్కన, రేకుకున్న సందుల్లోంచి తీగ దూర్చి, ఏదో మూట. గ్రీజుతో దుమ్ముతో నల్లబడింది, మడతల్లో మాత్రం పసుపు రంగు.

‘‘అదేందిరా?’’

‘‘ఏది రెడ్డీ?’’

‘‘ఆ మూట.’’

లేవి వింతగా చూశాడు. ‘‘మీదే గదా. లాడం. దిష్టికి కట్టిచ్చుకున్న్యారు గదా.’’

‘‘నేనా? ఎబుడు?’’

‘‘నాకేం తెలుసు? బండి మొదటిసారి నా కాడికి వచ్చినబుడే ఉండాది.’’

ఇప్పమన్నాడు. గుడ్డ చిరిగి చేతిలోకి వచ్చింది బరువైన గుర్రపు లాడం, ఒక కొమ్ము అరిగి సన్నబడి, రెండోది మందంగా. మద్దిలేటికి ఆ అరుగుడు తెలుసు. నాన్న గుర్రం కుడికాలు ఈడ్చేది. నాన్న పోయాక ఆ లాడాన్ని పాత ఇంటి గడపకు కొట్టారు. ఒకనాడు చూస్తే గడపకు మేకుల గుంతలే ఉన్నాయి, కౌలుదారుడు ఎత్తుకుపోయాడని వాణ్ని నాలుగు నెలలు ఇంటికి రానివ్వలేదు. అంటే ఆ పొద్దు వాకిట్లో టంగు టంగుమన్నది ఇదా? సామాను మార్చడం కాదు, సంగటి ముద్ద మీద ముద్ద వేస్తూ అక్క బయట కట్టించింది ఇదా? గుర్రం మీంచి నాన్న పడ్డాడు, కారులోంచి తమ్ముడు పడకూడదు; చెబితే తమ్ముడు నవ్వుతాడు, మొగుడు నవ్వుతాడు; అందుకే చూపు తిప్పుకుంది. పచ్చి అబద్ధమనుకున్న మాట, మా ఇంట్లో ఉన్నన్నాళ్లు వణకలేదన్న మాట, అక్షరాలా నిజమా? ఒక పక్క అంత ఇనుము కట్టుకుని గిరగిర తిరిగే చక్రం వణకక ఏం చేస్తుంది?

‘‘దీంతోనే వణుకుతాందని నీకు తట్టలేదా?’’ గొంతు పైకి లేచింది. ‘‘రెండేండ్లు నాతో సామాన్లు కొనిపిచ్చినావు గదరా!’’

లేవి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ‘‘ఒకసారి తట్టింది రెడ్డీ, అబద్ధమెందుకు. ఇప్పి చూద్దామనుకున్న్యా. మళ్లా భయమయింది. నేనా యేసు బిడ్డను. మీ దేవునికి కట్టిందాన్ని నేను ఇప్పితే, రేపు యాడన్నా బండి చెట్టుకు గుద్దుకుంటే, లేవిగాడు ఇప్పినాడు, కావాలనే ఇప్పినాడు అంటావు. అనవా? నట్లు లెక్కబెట్టుకునే మనిషివి. చక్రం ఇప్పినబుడంతా మీ దేవునికీ మా దేవునికీ ఇద్దరికీ చెప్పుకోని అట్లే బిగిచ్చినా.’’

అంటావు, అనవా? అనేవాడే. లేవి స్టెప్నీ ఎక్కించి నట్లు బిగించాడు. మద్దిలేటి మొదటిసారి ఆ నట్లను చూడలేదు. లాడాన్నే చూస్తున్నాడు. లేవి లేచి, ‘‘దీన్ని ఈ చక్రానికి మార్చి కట్టమంటావా?’’ అన్నాడు.

ఏ మాట అది? దిష్టి కోసం అడుగుతున్నాడా, లేక ఇంకోటి అడుగుతున్నాడా? కట్టితే వణుకు వస్తుంది. వణుకు వస్తే భూమి వస్తుంది. పక్కనున్న చేలో పసుపు కొమ్ములు మట్టి దులుపుకుని పచ్చిగా వాసనేస్తున్నాయి. తన భూమిలో కూడా ఇప్పుడు ఇట్లే తవ్వుతుంటారు, అయ్యపురెడ్డి గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఎవరు చూస్తారు? తీగ ఉంది. మూట ఉంది. అక్క కట్టినదే గదా, నేను కట్టలేదు గదా, మళ్లీ ఎక్కడిదక్కడ పెడితే తప్పేంటి? కానీ లేవి చూస్తాడు. ఈ రోజు కట్టి, రేపు అయ్యపురెడ్డి ముందర నోరు విప్పితే? లేవిని నమ్మలేడు. లోకంలో ఎవణ్నీ నమ్మనివాడు దొంగతనానికైనా తోడు లేక చేతులు ముడుచుకోవాల్సిందే.

‘‘వద్దు. సీటు కింద పెట్టు,’’ అన్నాడు.

బండి కదిలింది. ముప్పై. ముప్పై మూడు. ఇది కాక ఇంకేదో లోపం ఉండకపోతుందా, టై రాడ్డు కాక, కింగ్‌పిన్నులు కాక, ఏదో ఒకటి. ఒరే రా, ఒక్కసారి రా. ముప్పై అయిదు. వేళ్లు విప్పి అరచేతులు మాత్రం ఆనించి చూశాడు. నూనెలో తిరుగుతున్నట్టు తిరుగుతోంది. ముప్పై ఎనిమిది. నలభై. కాలువ నీళ్లు పక్కనే పరుగెత్తుతున్నాయి, మైలురాళ్లు వెనక్కి జారిపోతున్నాయి. ఇంత మంచి బండా తనది? పంతుళ్లను, కంట్రాక్టర్లను, నెలలు నిండిన ఆడమనుషులను ఎక్కించుకుని ముప్పై దాటకుండా, ఎద్దులబండి వాడి చేత కూడా తిట్టించుకుంటూ తోలింది ఈ బండినేనా? చక్రం మీద కోపం వచ్చింది. కన్నీళ్లంత కోపం.

ఊళ్లో మునసబు బొజ్జన్న అప్పటికే బండల అరుగు మీద తలగుడ్డ చుట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అయ్యపురెడ్డి ఆకు నములుతూ వచ్చాడు. ‘‘ఏం బామ్మర్దీ, తెల్లారుతూనే దారిన పడినావా? మొగం వాడిపోయినాది. రాగిజావ తాగుతావా?’’ రాగిజావ. ఏం కలిపాడో. తలుపు సందున సుబ్బరత్నమ్మ నిలబడి బండి ముందు చక్రాన్ని చూస్తోంది, వంగి, కొంగుతో ఎండ అడ్డం పెట్టుకుని.

‘‘చక్రం మారిందేం అబ్బీ?’’

‘‘ముల్లు గుచ్చుకుందక్కా.’’

‘‘పాతది బాగుచేపిచ్చి మళ్లా ఈడికే ఎక్కిచ్చుకో. మర్చిపోవద్దు.’’ మొగాళ్ల ముందర ఇంకేమీ అనలేక, తమ్ముడి ముఖంలోకి ఒక్క చూపు చూసి లోపలికి పోయింది. రెండేళ్లుగా ఆ చూపును దొంగచూపు అనుకుంటున్నాడు.

మునసబు ముందు సీట్లో ఎక్కాడు. ‘‘చూడప్పా, నాకు బండ్లు తెల్దు. గుర్రమైతే చెవులు చూసి చెప్తా. స్టీరింగు నేను పట్టుకుంటే కాలవలో పడతాం. ఎట్ల తేల్చాల్నో మీరే చెప్పండి.’’

‘‘దాందేముందిలే పెద్దాయనా,’’ అన్నాడు అయ్యపురెడ్డి వెనక లేవి పక్కన కూర్చుంటూ. ‘‘పట్టుకునేది మద్దిలేటి. చేతులు వానివి. వణికింది అంటే వణికినట్టే. భూమి ఇడిసిపెడతా. వాని మాటే నాకు సాక్షి.’’

లేవి కళ్లు తలుపు అవతలికి తిప్పుకున్నాడు. మద్దిలేటి గేరు మీద చెయ్యి వేసి ఆగాడు. ఇందులో ఏదో ఉంది. ఏ కోర్టుకెక్కినా, ఏ పెద్దమనిషి ముందు కూర్చున్నా, ఎదుటివాడు ఇట్లా అంటాడని కలలో కూడా అనుకోలేదు. ఏదో ఉచ్చు. లేవి చెప్పేశాడా? ఎప్పుడు చెబుతాడు, దిగనే లేదు గదా. మరి ఎందుకన్నాడు? ఆ మాటలో మెలిక ఎక్కడ? గేరు వేశాడు. ఊరు దాటింది. చింతచెట్ల నీడలు బానెట్టు మీదుగా వచ్చి పోతున్నాయి. ఇరవై అయిదు. ఇప్పుడు లాడం అక్కర్లేదు, తీగ అక్కర్లేదు, ఒక్క మాట చాలు. నాలుక చాలు. ముప్పై. లేవి నోరు విప్పడు. విప్పితే రెండేళ్లు సామాన్లు అమ్ముకున్నావని కర్నూలంతా చాటుతానంటే విప్పడు. ఎడమ పక్క కాలువ గట్టు, గట్టు కింద నల్లరేగడి, అదిగో తన చేను, పసుపాకు కోసేసిన మోళ్లు. నాన్న మంచంలో పడి కూడా గోడకు ఆనుకుని ఆ చేను వైపే తల పెట్టుకునేవాడు. ముప్పై మూడు. వణికింది. అంతే. వ, ణి, కిం, ది. దానికి బడి చదువు కూడా అక్కర్లేదు. అద్దంలో చూశాడు. అయ్యపురెడ్డి ఒక్కసారైనా మెడ సాచి ముల్లును చూస్తాడేమోనని, స్టీరింగు మీద తన వేళ్లను కనిపెట్టుకుని ఉంటాడేమోనని. ఉంటే చాలు. ఒక్క అనుమానపు చూపు దొరికితే చాలు, వణికిందని గట్టిగా, గుండె మీద చెయ్యేసుకుని చెప్పేవాడు. అయ్యపురెడ్డి ఆకు ఈనె తుంచుతున్నాడు. బయట ఎవరో నాగలి భుజాన వేసుకుని పోతుంటే ‘‘ఏమప్పా, కూలోళ్లు దొరికిన్యారా?’’ అని పలకరించాడు. ముప్పై అయిదు.

‘‘ఎంతయింది?’’ అన్నాడు మునసబు.

‘‘ముప్పై అయిదు.’’

‘‘ఏమప్పా మరి?’’

అరచేతుల కింద చక్రం నిద్రపోతున్న పసిబిడ్డ వీపులా ఉంది. దానికంటే తన చేతులే ఎక్కువ వణుకుతున్నాయి. ఆ వణుకు చెప్పినా అబద్ధం కాదు గదా. నోరు తెరిచాడు. రెండేళ్లుగా సాన పెట్టుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. ముంచావు బావా, మోసం చేయకుండానే ముంచావు, తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చకుండా ముంచావు.

‘‘లే,’’ అన్నాడు. ‘‘వణకలే.’’

మునసబు తలగుడ్డ తీసి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. దువ్వూరు వచ్చింది, పోయింది. మద్దిలేటి బండి ఆపలేదు. మైదుకూరు మీదుగా కడపకు తోలాడు, రిజిస్ట్రారు ఆఫీసు మూయకముందే చేరాలని, నలభై అయిదు మీద. అక్కడ గుమాస్తా పైకి చదువుతుంటే తలొంచుకుని విని, అడిగిన చోటల్లా సంతకం పెట్టాడు. కాలువ కింద, పసుపు పండే నల్లరేగడి, నాన్న పేరున వచ్చింది, మూడెకరాల డెబ్బై రెండు సెంట్లు.